వాగ్దాన భూమి: ఇశ్రాయేలీయుల అవిధేయత, దేవుని ప్రమాణం

అబ్రాహాముకూ అతని సంతానానికీ ఇస్తానని దేవుడు ప్రమాణం చేసినట్టు హీబ్రూ బైబిలు చెప్పే కనాను దేశమే వాగ్దాన భూమి. నేటి ఇజ్రాయెల్, పాలస్తీనా ప్రాంతాలు, వాటి చుట్టుపక్కల కొంత భాగం స్థూలంగా ఇందులోకి వస్తాయి. ఎల్లలు మాత్రం గ్రంథంలోనే ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. ఆదికాండము 15వ అధ్యాయం ఐగుప్తు నది నుంచి యూఫ్రటీసు దాకా అంటుంది. సంఖ్యాకాండము 34వ అధ్యాయం యొర్దాను నదినే తూర్పు హద్దుగా పెడుతుంది. పుచ్చుకున్నవాళ్లు తరతరాలుగా మాట తప్పుతున్నా ఇచ్చినవాడి మాట ఎలా నిలిచింది? బైబిలు రచయితలు దాదాపు ప్రతి యుగంలోనూ ఈ ప్రశ్నతో పెనుగులాడారు.

ప్రమాణం

హారాను నుంచి బయలుదేరిన అబ్రాము (తర్వాతి పేరు అబ్రాహాము) షెకెము దగ్గర మోరే సింధూర వృక్షం చేరినప్పుడు, ఈ దేశాన్ని అతని సంతానానికి ఇస్తానని దేవుడు మొదటిసారి చెబుతాడు. అప్పటికి అబ్రాముకు సంతానమే లేదు. ఆ మాట ఒడంబడికగా మారేది 15వ అధ్యాయంలో. అబ్రాము మూడేళ్ల పెయ్యను, మేకను, పొట్టేలును తెచ్చి రెండేసి ఖండాలుగా నరికి ఎదురెదురుగా పేరుస్తాడు. గువ్వను, పావురపు పిల్లను మాత్రం ఖండించడు. కళేబరాల మీద వాలే గద్దలను తోలుతూ కూర్చుంటాడు. పొద్దు గుంకేసరికి గాఢనిద్ర, భయంకరమైన చీకటి అతన్ని కమ్ముకుంటాయి. అప్పుడు పొగ లేచే పొయ్యి, మండే దివిటీ ఆ ఖండాల మధ్యగా సాగిపోతాయి.

నరికిన పశువు మధ్య నడవడం ఆనాటి ప్రమాణ విధానం. మాట తప్పితే తనకూ అదే గతి పట్టాలని నడిచినవాడు ఒప్పుకున్నట్టు. యిర్మీయా 34వ అధ్యాయంలో యెరూషలేము పెద్దలు దూడ ఖండాల మధ్య నడిచిందీ ఈ విధానంలోనే. ఆదికాండములో మాత్రం అబ్రాము నడవలేదు. దేవుని సన్నిధికి గుర్తయిన ఆ నిప్పు ఒక్కటే నడిచింది. ప్రమాణం భారమంతా ఇచ్చేవాడి మీదే పడిందనడానికి వ్యాఖ్యాతలు ఎక్కువగా ఎత్తిచూపే ఘట్టం ఇదే.

భూమి చేతికి రావడానికి నాలుగు వందల ఏళ్లు పడుతుందని ఆ అధ్యాయమే చెబుతుంది. అక్కడ ఉంటున్న అమోరీయుల పాపం ఇంకా పండలేదన్నది కారణం. అబ్రాహాము బతికుండగా అతనికి దక్కింది భార్య శారా సమాధి కోసం హేతీయుడైన ఎఫ్రోను దగ్గర 400 తులాల వెండికి కొన్న మక్పేలా గుహ, దాని పొలం మాత్రమే.

1970లో మోషె వైన్‌ఫెల్డ్ అనే పండితుడు ఈ వాగ్దానాన్ని ప్రాచీన పశ్చిమాసియా రాజుల భూదానాలతో పోల్చాడు. క్రీ.పూ. 13వ శతాబ్దంలో హిట్టైట్ చక్రవర్తి ఉల్మి-తెషుబ్ అనే సామంతుడికి ఇచ్చిన పత్రంలో, అతని వారసుడు తప్పు చేస్తే అతన్ని శిక్షించవచ్చు గానీ ఆ వంశపు ఇంటినీ భూమినీ తీసి వేరే వంశానికి ఇవ్వకూడదని ఉంది. మన రాగిశాసనాల్లో ‘ఆచంద్రతారార్కం’ అని చెక్కించి ఇచ్చిన అగ్రహారాల తీరు ఇదే. దానానికీ షరతుల ఒప్పందానికీ మధ్య వైన్‌ఫెల్డ్ గీసిన గీత అంత స్పష్టమైనది కాదని 1996లో గ్యారీ నోపర్స్ వాదించాడు. ఆయన అభ్యంతరంలో బలముంది. అయినా తప్పు చేసినవాడు పోతాడు, దానం మిగులుతుంది అన్న తర్కం బైబిలు కథనంలో అడుగడుగునా కనిపిస్తుంది.

కాదేషులో ఒక రాత్రి

ఐగుప్తు నుంచి బయటపడి సీనాయి కొండ కింద బంగారు దూడను చేసుకున్న ప్రజను దేవుడు తుడిచిపెట్టబోతే, వాళ్ల నాయకుడు మోషే అబ్రాహాము ఇస్సాకు యాకోబులతో చేసిన ప్రమాణాన్ని గుర్తుచేసి అడ్డుపడ్డాడు (నిర్గమకాండము 32). అంతకంటే పెద్ద తిరుగుబాటు కనాను అంచున ఉన్న కాదేషులో జరిగింది. సంఖ్యాకాండము 13, 14 అధ్యాయాలు దాన్ని తీరిగ్గా చెబుతాయి.

గోత్రానికి ఒకడు చొప్పున పన్నెండుమంది వేగులవాళ్లు నలభై రోజులు దేశమంతా తిరిగి వస్తారు. ఎష్కోలు లోయలో కోసిన ఒక్క ద్రాక్షగెలను ఇద్దరు కర్రకు వేసి మోసుకొస్తారు. దానిమ్మపండ్లు, అంజూరపు పండ్లు కూడా తెస్తారు. భూమి మంచిదన్న విషయంలో భిన్నాభిప్రాయం లేదు. కోటలను, ఎత్తరి మనుషులను చూసి పదిమంది జంకారు. కాలేబు, యెహోషువ మాత్రం వెళ్దామన్నారు. ఆ రాత్రి జనమంతా ఏడ్చారు. తమ పిల్లలు శత్రువుల పాలవుతారని వాపోయారు, నాయకుణ్ని ఎన్నుకుని ఐగుప్తుకు మళ్లిపోదామన్నారు. ధైర్యం చెప్పినవాళ్ల మీద రాళ్లు రువ్వబోయారు.

ఇక్కడ మోషే చేసిన విన్నపాన్ని జాగ్రత్తగా చదవాలి. ప్రజలు మంచివాళ్లని ఆయన ఒక్క మాట కూడా అనడు. వీళ్లను చంపితే, మాట ఇచ్చి చేర్చలేకపోయాడని చుట్టుపక్కల జనాలు నిన్నే అంటారని దేవుడితోనే వాదిస్తాడు. క్షమాపణ దొరుకుతుంది, దాని వెంటే శిక్షా పడుతుంది. ఇరవై ఏళ్లు, ఆ పైబడినవాళ్లలో కాలేబు, యెహోషువ తప్ప ఎవరూ ఆ దేశంలో అడుగుపెట్టరు. రోజుకు ఏడాది లెక్కన నలభై ఏళ్లు అరణ్యమే గతి. శత్రువుల పాలవుతారని తల్లిదండ్రులు ఏడ్చిన ఆ పిల్లలే లోపలికి వెళ్తారు. తెల్లారాక కొందరు మనసు మార్చుకుని, మోషే వద్దన్నా, నిబంధన మందసం లేకుండానే కొండెక్కి దెబ్బతిని వచ్చారు.

చివరికి మోషేకూ మినహాయింపు దొరకలేదు. మెరీబా దగ్గర బండతో మాట్లాడమంటే దాన్ని కొట్టినందుకు, నెబో కొండ మీద నుంచి చూడటమే ఆయనకు మిగిలింది.

షరతులు

ద్వితీయోపదేశకాండము 9వ అధ్యాయం విషయాన్ని దాపరికం లేకుండా తేలుస్తుంది. భూమి దక్కేది మీ నీతిని బట్టి కాదు, మీరు తలబిరుసు జనం, పూర్వం ఇచ్చిన మాట కోసమే ఇస్తున్నాను అన్నది దాని సారం. అదే గ్రంథం 28వ అధ్యాయంలో, ఆజ్ఞలు మీరితే అక్కడి నుంచి పెళ్లగించబడతారని హెచ్చరిస్తుంది. లేవీయకాండము 25 ప్రకారం భూమికి అసలు యజమాని దేవుడు, ఇశ్రాయేలీయులు అక్కడ ఉంటున్న పరదేశులు. 26వ అధ్యాయంలో ప్రజలు చెరకు పోయాక భూమి తనకు రావలసిన విశ్రాంతి సంవత్సరాలను అనుభవిస్తుంది. ఆ తర్వాతే దేవుడు పితరుల నిబంధనను, భూమిని జ్ఞాపకం చేసుకుంటాడు. ఈ గ్రంథాల దృష్టిలో వాగ్దానం రద్దు కాదు, కానీ అక్కడ కాపురం నడవడికను బట్టి ఉంటుంది. ఈ రెంటిలో ఏ ఒక్కదాన్ని వదిలేసి చదివినా అర్థం వంకర పోతుంది.

చెర, తిరిగిరాక

ఇచ్చిన మాటల్లో ఒక్కటీ తప్పిపోలేదని యెహోషువ 21వ అధ్యాయం అంటే, స్వాధీనం కాని ఊళ్ల జాబితాను న్యాయాధిపతులు మొదటి అధ్యాయం ఇస్తుంది. దక్కిన భూమి కూడా తర్వాత చేజారింది. క్రీ.పూ. 722 ప్రాంతంలో ఉత్తర రాజ్యపు రాజధాని సమరియ అష్షూరు చేతికి చిక్కింది. 586లో బబులోను సేనలు యెరూషలేమును, దేవాలయాన్ని నేలమట్టం చేశాయి.

ఆ పతనానికి ముందు సాగిన ముట్టడి మధ్యలోనే, తాను చెరసాలలో ఉండగా, యిర్మీయా ప్రవక్త సొంతూరు అనాతోతులోని పొలాన్ని పినతండ్రి కొడుకు హనమేలు దగ్గర 17 తులాల వెండికి కొన్నాడు. వెండి తూచి ఇచ్చి, సాక్షుల చేత సంతకాలు చేయించి, క్రయపత్రాలను చాలాకాలం నిలిచేలా మట్టికుండలో పెట్టమని తన లేఖకుడు బారూకుకు అప్పగించాడు. శత్రువు ఆక్రమించిన నేలకు ఎవరు డబ్బు పెడతారు? ఇళ్లు, పొలాలు, ద్రాక్షతోటలు ఈ దేశంలో మళ్లీ అమ్ముడుపోతాయన్న నమ్మకానికి అది రుజువు. బబులోనులో చెరలో ఉన్న యెహెజ్కేలు ప్రవక్త మరింత కటువుగా మాట్లాడాడు: తిరిగి రప్పించేది ప్రజల కోసం కాదు, వాళ్లు జనాల మధ్య అపవిత్రం చేసిన తన నామం కోసమేనని దేవుడు అంటున్నాడని ప్రకటించాడు.

క్రీ.పూ. 538లో పారసీక రాజు కోరెషు అనుమతితో కొందరు వెనక్కి వచ్చారు. నెహెమ్యా 9వ అధ్యాయంలోని ప్రార్థన అబ్రాహాము మొదలు దూడ, అరణ్యం, రాజుల కాలం వరకూ ఒక్కో తప్పునూ ఒప్పుకుంటుంది. చివరికి, పితరులకిచ్చిన ఈ భూమిలోనే మేము దాసులం, దీని పంట పరరాజులకు పోతోంది అని ముగుస్తుంది. బైబిలులో ఈ విషయంపై ఇంతకంటే నిజాయితీగల పలుకు లేదు.

చరిత్రకారుల దృష్టి

బైబిలు వెలుపల ఇశ్రాయేలు పేరు కనబడే అతి పాత ఆధారం క్రీ.పూ. 1208 ప్రాంతపు మెర్నెప్తా శాసనం. దీన్ని 1896లో ఫ్లిండర్స్ పెట్రీ ఐగుప్తులో కనుగొన్నాడు. గ్రంథాల విషయానికొస్తే, ద్వితీయోపదేశకాండము నుంచి రాజుల గ్రంథాల వరకూ ఉన్నది చెర కాలంలో ఒకే రచయిత కూర్చిన చరిత్ర అని 1943లో మార్టిన్ నోత్ ప్రతిపాదించాడు. భూమిని పోగొట్టుకున్నవాళ్లు కారణం వెతుక్కుంటూ రాసినవిగా చూస్తే, ఆ గ్రంథాల ఆత్మవిమర్శ ఎందుకంత ఘాటుగా ఉందో తెలుస్తుంది.

తర్వాతి వ్యాఖ్యానాలు

యూదుల ధర్మశాస్త్ర సంకలనం మిష్నా ప్రకారం, పితరులు దేశంలోకి వెళ్లరాదన్న తీర్పు వెలువడిన రోజూ, రెండు దేవాలయాలూ కూలిన రోజూ ఆబ్ నెల తొమ్మిదో తేదీయే. ఆ రోజున యూదులు నేటికీ ఉపవాసం ఉంటారు. క్రొత్త నిబంధనలో పౌలు అబ్రాహామును లోకానికే వారసుణ్ని చేస్తే, హెబ్రీయుల పత్రిక కాదేషు తిరుగుబాటును విశ్వాసులకు హెచ్చరికగా చూపి, మరింత శ్రేష్ఠమైన పరలోక దేశం వైపు చూడమంటుంది. ఖురాన్ అల్-మాయిదా సూరాలోనూ పవిత్ర భూమిలో అడుగుపెట్టడానికి నిరాకరించిన జనం, వారికి పడిన నలభై ఏళ్ల శిక్ష కనిపిస్తాయి.

ఇజ్రాయెల్‌లో 1974లో ఏర్పడిన గుష్ ఎమునిమ్ ఉద్యమం ఈ వాగ్దానాన్నే ఆక్రమిత ప్రాంతాల్లో స్థావరాలకు ఆధారం చేసుకుంది. పాపం వల్ల వచ్చిన చెరను మనుషులు బలంతో ముగించకూడదని సత్మర్ హసీదులనే యూదు వర్గంవారు అందుకు పూర్తిగా ఎదురు నిలిచారు. అప్పటికే అక్కడ కాపురమున్న కనానీయుల మాటేమిటని 1989లో అమెరికా ఆదివాసి రచయిత రాబర్ట్ ఆలెన్ వారియర్ అడిగాడు. అదే ఏడాది పాలస్తీనా క్రైస్తవ గురువు నయీమ్ అతీక్ తన ప్రజల పక్షాన న్యాయం కోరుతూ పుస్తకం రాశాడు. వాగ్దానం గురించి రాసేవారెవరూ ఈ ప్రశ్నను దాటవేయకూడదు.

వాగ్దానం పొందిన ఆ సంతతిలో తామూ ఉన్నామనేవారు మన దేశంలోనూ ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే చిన్న తెలుగు సమాజం తమను ఎఫ్రాయిము గోత్రపువారిగా చెప్పుకుంటూ యూదు ఆచారాలు పాటిస్తోంది. వీరిపై యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన అధ్యయన గ్రంథం 2013లో వెలువడింది. మణిపూర్, మిజోరాంలలోని బెనె మెనాషె సమాజంవారిని ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీలలో ఒకరు 2005లో ఇశ్రాయేలు సంతతిగా గుర్తించారు. కొత్తరెడ్డిపాలెం సమాజానికి అలాంటి గుర్తింపు లభించలేదు.