సంఖ్యా ఉపసర్గలతో ఆంగ్ల పదజాలం

సూరత్ నగరపాలక సంస్థ పాఠశాలల్లో గుజరాతీ, మరాఠీ తదితర మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. మరమగ్గాల పనికి వలస వచ్చిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఆంగ్లం కొత్తదే అయినా, ఆ భాషలోని సంఖ్యా ఉపసర్గలు పూర్తిగా కొత్తవి కావు.

ఈ ఉపసర్గలు లాటిన్, గ్రీకు భాషల నుంచి ఆంగ్లంలోకి వచ్చాయి. తెలుగు వాడుకలోని త్రి, పంచ, సప్త, అష్ట, దశ సంస్కృత పదాలు. ఆ మూడు భాషలూ ఒకే కుటుంబానికి చెందినవి. అందుకే ట్రయాంగిల్‌లో త్రిభుజం, పెంటగాన్‌లో పంచభుజి, డెకేడ్‌లో దశాబ్దం పోలికలు కనిపిస్తాయి. మార్చితో మొదలైన ప్రాచీన రోమన్ క్యాలెండర్‌లో సెప్టెంబరు ఏడో నెల, డిసెంబరు పదో నెల.

సూరత్ వృత్తుల్లోనూ ఇవి వినిపిస్తాయి. మోనోఫిలమెంట్ దారం ఒకే పోగుది. మల్టీఫిలమెంట్ అనేక పోగులది. పాలిస్టర్‌లోని 'పాలీ'కీ అనేకమనే అర్థం. ముడి వజ్రం తరచూ ఆక్టాహెడ్రన్, అంటే ఎనిమిది ముఖాల ఆకృతిలో లభిస్తుంది.

అయితే ధ్వని పోలిక ఒక్కటే ఆధారం కారాదు. బైసికిల్‌లోని 'బై' రెండును సూచిస్తే, బయాలజీలోని 'బయో' జీవాన్ని సూచిస్తుంది. అనుమానం కలిగినప్పుడు నిఘంటువును సంప్రదించడం అవసరం.