మాట వెనుక కథ: కన్‌ఫౌండింగ్

'కన్‌ఫౌండింగ్' మాటకు మూలం లాటిన్ 'కన్‌ఫుందెరె': కలిపి పోయడం. రెండు కారణాలు ఒకే పాత్రలో కలిశాక ఫలితం దేనిదో చెప్పలేం. వైద్య పరిశోధనలో ఈ మాట బరువంతా అక్కడే ఉంది. మెనోపాజ్ తర్వాత ఈస్ట్రోజెన్ వాడుతున్నవారిలో గుండెజబ్బు తక్కువని అమెరికా నర్సుల ఆరోగ్య అధ్యయనం 1991లో చూపింది. 16,608 మంది స్త్రీలను లాటరీ పద్ధతిలో విభజించిన ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ ట్రయల్‌లో, ఈస్ట్రోజెన్-ప్రొజెస్టిన్ తీసుకున్నవారిలో గుండెజబ్బు పెరిగిందని 2002లో తేలింది. మాత్రలు ఎంచుకునేవారు సాధారణంగా ముందునుంచే ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవారు. నర్సుల అధ్యయనంలో మందు ఫలితంలో ఆ శ్రద్ధ ఫలితమూ కలిసిపోయింది.

ట్రయల్‌లోని స్త్రీలు పెద్దవయసువారనీ, మాత్రలు ఆలస్యంగా మొదలుపెట్టారనీ ఆక్షేపణ ఉంది. నిజమే, తేడా అంతా కన్‌ఫౌండింగ్ మీదికి నెట్టకూడదు. అయినా సమీక్షకులు, నర్సుల అధ్యయనం లాంటి పరిశీలనాత్మక అధ్యయనాల నాణ్యతకు నక్షత్రాలిచ్చే న్యూకాజిల్-ఒటావా స్కేలు ప్రకారం తొమ్మిదికి ఎన్ని నక్షత్రాలో లెక్కగట్టి సరిపెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. కన్‌ఫౌండింగ్ దగ్గర పోయిన నక్షత్రాన్ని మరోచోట వచ్చినది పూడ్చలేదు. అదే పనికి 2016లో వచ్చిన రాబిన్స్-ఐ అనే సాధనం మార్కులను కలిపి లెక్కవేయదు, మొదటి ప్రశ్నే కన్‌ఫౌండింగ్ గురించి వేస్తుంది. అలాగని పరిశీలనాత్మక అధ్యయనాలన్నిటినీ తోసిపుచ్చలేం. పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధాన్ని డాల్, హిల్ 1950లో చూపింది అలాంటి అధ్యయనంతోనే. మనుషుల చేత సిగరెట్లు తాగించి ట్రయల్ చేయడం ఏ వైద్యుడికీ తగదు.