శుక్లపటలపు మందము

మా పెదనాన్నగారికి డెబ్బదియవ యేట చూపు ప్రక్కలనుండి ముడుచుకొనిపోయెను. ఎదుటనున్న అక్షరమును చదువగలిగెడివారు. ప్రక్కనుండి వచ్చు బండి మాత్రము కనబడెడిది కాదు. అంతకుముందు పలుమారులు కంటిలోని ఒత్తిడిని కొలిపించుకొనిరి. ప్రతిసారియు అది మామూలుగానే యున్నదని చెప్పిరి. ఆ కొలత తప్పని నేననను. కాని దానికి తోడుగా మరియొక కొలత యుండవలెనని ఆనాడు మా యింటిలో నెవరికిని తెలియదు. ఆ రెండవ కొలత కథయే ఈ ప్రసంగము.

కంటి నల్లగ్రుడ్డుపై గడియారపు అద్దమువలె అమరియున్న తేటయైన పొరకు శుక్లపటలమని పేరు. మిల్లీమీటరులో వేయవ వంతు మైక్రాను. ఆ లెక్కన ఈ పొర నడిమి మందము సగటున 540 ప్రాంతము, అనగా అరమిల్లీమీటరునకు కొంచెము పైన. అంచులకు పోయినకొలది హెచ్చును. చనిపోయినవారి కంటిని కోసి కొలుచుట సులువే కాని, ప్రాణము పోయిన పిమ్మట ఈ పొర నీరు పీల్చి ఉబ్బును. కావున బ్రతికియున్నవారి కంటిలోనే కొలువవలెను. 1880లో స్వీడన్ దేశీయుడు మాగ్నుస్ బ్లిక్స్ వెలుతురు ప్రతిబింబముల సాయమున ఆ పని చేసి చూపెను.

1911లో గుల్‌స్ట్రాండ్ కనిపెట్టిన చీలిక దీపము దీనికి దారి చూపెను. సన్నని వెలుతురు పలకను కంటిపై ప్రక్కవాటుగా ప్రసరింపజేసినచో శుక్లపటలము కత్తితో కోసిన ముక్కవలె, ముందంచు, వెనుకంచు వేర్వేరుగా కనబడును. 1950 తరువాత, యేగర్ మొదలగువారు దీనికి రెండు గాజు పలకలను జోడించిరి. పై పలకను త్రిప్పినకొలది బొమ్మలో పై సగము ప్రక్కకు జరుగును. ఒక సగపు వెనుకంచు రెండవ సగపు ముందంచుతో సరిగా కలిసినప్పుడు త్రిప్పుట ఆపి, కొలబద్దపై అంకె చూచుకొనవలెను. చూచువాని చేతినేర్పుపై ఫలితము ఆధారపడియుండెను.

ఇక ఒత్తిడి సంగతి. నీటికాసుల వ్యాధిలో దృక్‌నాడి నెమ్మదిగా క్షీణించును. నొప్పి లేకపోవుటచే చాలమంది గుర్తింపలేరు. ఒత్తిడి హెచ్చు ఆ వ్యాధికి ప్రధానమైన ప్రమాద కారణము. వైద్యులు మొదట మూసిన రెప్పపై వ్రేళ్ళు ఒత్తి అంచనా వేసెడివారు. 1905లో నార్వే దేశీయుడు షియోట్జ్ బరువు మోపి కొలుచు సాధనమును చేసెను. 1957లో బెర్న్ నగరమున గోల్డ్‌మన్, ష్మిట్ అను ఇరువురు శుక్లపటలమును 3.06 మిల్లీమీటర్ల వ్యాసముగల వృత్తమంత చదునుచేయుటకు కావలసిన బలమును కొలిచిరి. ఆ వింత సంఖ్యకు కారణమున్నది. ఆ వ్యాసమువద్ద పొర బిరుసుదనము ఎదురుతిరుగు బలమును, కన్నీటి తడి లాగు బలమును ఒకదానినొకటి రద్దుచేసికొనును. అయితే పొర సుమారు అరమిల్లీమీటరు మందముండిననే ఈ లెక్క సరిపోవును. ఆ సంగతి వారికి తెలియును. కాని ఆరోగ్యవంతుల కన్నులలో భేదము అంతగా ఉండదని తలచిరి.

ఆ తలంపు నిలువలేదు. 1975లో డెన్మార్కున ఏలర్స్, ఆయన సహచరులు శస్త్రచికిత్సకు వచ్చినవారి కంటిలో సన్నని గొట్టమును పెట్టి నిజమైన ఒత్తిడిని నిర్ణయించి, సాధనము చూపు అంకెతో పోల్చిరి. పలుచని పొరగలవారికి సాధనము తక్కువ చూపినది, మందముగలవారికి ఎక్కువ చూపినది. అనగా ఒకరికి అక్కరలేని మందు, వేరొకరికి అక్కరకురాని ధైర్యము! అయినను చాలకాలము చికిత్సాలయములలో ఈ మాట అంతగా వినబడలేదు.

పనిముట్టును మాత్రము వేరొక అవసరము తెచ్చిపెట్టెను. హ్రస్వదృష్టిని బాగుచేయుటకై శుక్లపటలముపై గాట్లు పెట్టు వైద్యులకు, ఎంత లోతు కోయవచ్చునో తెలియవలసివచ్చెను. 1980 తరువాత శ్రవణాతీత ధ్వని సాధనములు వాడుకలోనికి వచ్చెను. కంటిని చుక్కలతో మొద్దుబార్చి సన్నని మొనను తాకించినచో, రెండు ఉపరితలములనుండి ప్రతిధ్వనులు తిరిగివచ్చును. నడిమి వ్యవధి సెకనులో పదిలక్షవ వంతునకు లోపే. ధ్వనితో కాలక్షేపము చేయు మావంటివారికి ఇది ముచ్చటయైన లెక్క.

2002లో అమెరికాలోని ఒక పెద్ద పరిశోధన ఫలితములు వెలువడెను. ఒత్తిడి హెచ్చుగానున్నను నాడి చెడని 1636 మందిని పరిశీలించిరి. చుక్కలమందు వాడినచో అయిదేండ్లలో వ్యాధి కలుగువారు నూటికి 9.5 నుండి 4.4కు తగ్గిరి. పరిశోధన ఆరంభమున మందపు కొలత లేనేలేదు, నడుమ చేర్చిరి. చివరకు అదియే గట్టి సూచికగా తేలెను. 588 మైక్రానులకు మించినవారితో పోల్చినచో 555 లేక అంతకు తక్కువ యున్నవారికి ప్రమాదము మూడురెట్లు! కొలతలోని పొరపాటు ఒక్కటే దీనికి చాలిన కారణము కాదు.

అంతమాత్రమున పట్టిక చూచి ఒత్తిడికి ఇంత కలుపుట, అంత తీయుట సరికాదు. అట్టి సూత్రమేదియు ఒక్కొక్క రోగి విషయమున నమ్మదగినది కాదు. భారతీయుల సగటు మందము పాశ్చాత్యుల కన్న కొంత తక్కువగా కనబడినది. కనుక అమెరికా అంకెలను ఇచట యథాతథముగా వాడుటకు వీలులేదు. కళ్ళద్దములు మానుటకై లేజరు చికిత్స చేయించుకొన్నవారి పొర పలుచబడును, ఒత్తిడి తక్కువగా కనబడును. వారు ఆ సంగతిని పదేండ్ల తరువాతనైనను వైద్యునికి చెప్పి తీరవలెను.

పెదనాన్నగారి తరువాత మా యింటివారమందరము పరీక్ష చేయించుకొంటిమి. నా కుడికన్ను 512, ఎడమకన్ను 509. ఒత్తిడి రెండింట 16. డాక్టరుగారు ఆ అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసికొని, దృక్‌నాడి పటమును తీసి, ఆరు మాసములకు మరల రమ్మనిరి.