సీ సే ప్వేదే: కుదురుతుంది!

2001 నవంబర్ 7న కీటోలో ఉరుగ్వేతో 1-1 డ్రా చేసుకుని ఈక్వడార్ మొట్టమొదటిసారి ఫుట్‌బాల్ ప్రపంచకప్పుకి అర్హత సంపాదించింది. (గెలవలేదు, అయినా పండగే!) ఆ క్వాలిఫయింగ్ మ్యాచిల్లో జనం అరిచిన కేక "సీ సే ప్వేదే". మన భాషలో "ఎందుకు కుదరదూ, కుదురుతుంది!" అన్నమాట.

ఇది పుట్టింది మాత్రం స్టేడియంలో కాదు. 1972లో అమెరికాలోని అరిజోనాలో వ్యవసాయ కూలీల సమ్మెలకీ, బహిష్కరణలకీ అడ్డుపడే చట్టం తెచ్చారు. దానికి నిరసనగా సెసార్ చావెజ్ ఫీనిక్స్‌లో 24 రోజులు నిరాహారదీక్ష చేశాడు. "ఇక్కడ కుదరదండీ" అని స్థానిక నాయకులు చేతులెత్తేస్తే, చావెజ్ సహచరి డొలోరెస్ హుయెర్తా ఇచ్చిన జవాబే ఈ మూడు ముక్కలు.

క్రెడిట్ మాత్రం చాలాకాలం చావెజ్‌కే పోయింది. కోడ్ రాసేది ఒకరు, డెమో ఇచ్చేది ఇంకొకరు. మనకి తెలియనిదా!

2008లో ఒబామా దీన్నే "యెస్ వుయ్ కెన్" అన్నాడు. స్పానిష్ నినాదంలో "మేము" అన్న మాటే లేదు, మన "కుదురుతుంది"లో లేనట్టే. 2012లో హుయెర్తాకి ప్రెసిడెన్షియల్ మెడల్ ఇస్తూ, ఆవిడ నినాదాన్ని కొట్టేశానని ఒబామాయే అందరి ముందూ చెప్పాడు.