నల్లరాయి, సగం చందమామ

నెల్లిమర్ల దాటగానే చంపావతి వంతెన. రైలు చప్పుడు ఒక్కసారి బోలుగా మారి, అవతలి ఒడ్డు అందగానే మళ్ళీ మామూలైంది. ఏట్లో నీళ్ళకంటే ఇసకే ఎక్కువ కనిపించింది మీకు. శ్రావణం వచ్చి వారమైనా మడుల్లో తడి లేదు. నాట్లు పడినచోట పైరు వాడిపోయి ఉంది. దేశంలో 1901 నుంచి నమోదైన ఆగస్టులన్నిటిలో ఇంత పొడి ఆగస్టు లేదని నెలాఖరుకి తేలుతుంది. ఎదురు బెంచీ మీద ఇద్దరాడవాళ్ళు బంతిపూల బుట్ట మీద తడిగుడ్డ సర్దుతున్నారు. ఎల్లుండి వరలక్ష్మీ వ్రతం. అయినా బోగీలో నడుస్తున్న మాట పూల ధర గురించి కాదు. కిటికీ పక్క కుర్రాడు ఫోను అందరికీ కనబడేలా పట్టుకుని, "ఇంకా గంటన్నర ఉంది" అంటున్నాడు.

ఇవాళ 2023 ఆగస్టు 23, బుధవారం. జూలై 14న శ్రీహరికోటలో లేచిన చంద్రయాన్-3, సాయంత్రం ఆరు దాటాక విక్రమ్ ల్యాండరుని చందమామ మీద దించాలి.

గరివిడి వస్తోంది. పట్టాలు చీలేచోట చక్రాలు టకటకమని దెబ్బలు కొడతాయి, వినండి. అలాంటిచోట పడే దెబ్బలకి మామూలు ఉక్కు త్వరగా అరిగిపోతుంది. దెబ్బ తిన్నకొద్దీ గట్టిపడే ఉక్కు కావాలి. నూటికి పన్నెండు పాళ్ళదాకా మాంగనీస్ కలిపితే అలాంటి ఉక్కు తయారవుతుందని 1882లో షెఫీల్డ్‌లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ కనిపెట్టాడు. మరో పదేళ్ళకి, 1892లో, ఈ చుట్టుపక్కల నేలలోనే, అప్పటి విశాఖపట్నం జిల్లాలో, భారతదేశపు మాంగనీస్ తవ్వకం మొదలైంది. ఆ ఏడాది వచ్చింది 674 టన్నులు. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి దేశం లెక్క 92 వేల టన్నులు. రాయి మనది, ఉక్కు వాళ్ళది. ఓడలెక్కి వెళ్ళిన ఆ రాయి ఏయే దేశాల వంతెనల్లో, పట్టాల్లో కలిసిపోయిందో ఎవరూ విడదీసి చూపించలేరు.

రైలు దిగండి. ప్లాట్‌ఫారం చివర కంకర తగ్గి మట్టి మొదలైనచోట ఆగి కాళ్ళ దగ్గర చూడండి. ఎర్రమట్టిలో నల్లని పెళ్ళలు. ఒకటి చేతిలోకి తీసుకుంటే ఉన్న సైజుకి రెండింతలు బరువు తూగుతుంది. వేళ్ళకి మసి అంటుతుంది.

బయట బడ్డీ దగ్గర అప్పటికే పాతికమంది ఉన్నారు. టీ కాచే పొయ్యి పైన చిన్న పలక మీద టీవీ, దాని నెత్తిన అగరొత్తి. బడ్డీ ఆయన మీకు స్టూలు జరుపుతాడు.

"కూకోండి బావూ, ఇంకా దిగనేదు."

మీ పక్కన ఒక పెద్దాయన. భుజం మీద తువ్వాలు. రెండు ముంజేతుల మీదా పాత నిప్పురవ్వల మచ్చలు. ఫెర్రో మాంగనీస్ ఫేక్టరీలో పనిచేసి రిటైరయ్యాడట. 1950ల్లో ఇక్కడ ఫేక్టరీ వచ్చి, దాని చుట్టూ శ్రీరామ్‌నగర్ లేచాక, ఓడలెక్కే రాయిలో కొంత ఇక్కడే కరగడం మొదలైంది. ఆయన అవతల పశువైద్య కళాశాల అమ్మాయి కూచుంది. నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని, బస్సు వదిలేసి మరీ ఇక్కడ ఆగిపోయింది.

"టాపింగ్ కాడ సేసినాను బావూ, ముప్పయ్యేళ్ళు. గొట్టంతోటి ఆక్సిజన్ ఎట్టి పొయ్యి నోరు తెరిస్తే, ఎర్రగా ఏరొచ్చినట్టు వచ్చీది. రాయి, బొగ్గు, కరెంటు. కరెంటు మా సెడ్డ తింటాది. సల్లారినాక సమ్మెటలతో కొట్టి ముక్కలు సేసీవోలం."

టన్ను లోహానికి రెండున్నర వేల యూనిట్ల పైనే కరెంటు కావాలి. ఆ ముక్కలే లారీలెక్కి ఉక్కు కర్మాగారాలకి వెళతాయి. అక్కడ మాంగనీస్ మొదట చేసే పని, ఉక్కులో చెడు చేసే గంధకాన్ని పట్టి ఉంచడం. అది లేకపోతే ఎర్రగా కాలినప్పుడు ఉక్కు చిట్లిపోతుంది. పెద్దాయనకి ఈ సంగతి పుస్తకంలోంచి రాలేదు. "గంధకం ఉన్నకాడ మాంగనీసు ఉండాల్సిందే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు.

మీ చేతిలో రాయి చూసి ఆయన బడ్డీ ఆయన్ని కేకేస్తాడు. విరిగిన స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం ఒకటి డబ్బాల వెనక ఉంటుంది, పిల్లలకి చూపించడానికి. దాన్ని రాయి దగ్గరికి తెస్తే టక్కున అంటుకుంటుంది. మాంగనీస్ రాళ్ళన్నీ ఇలా అంటుకోవు. ఇది వేరు.

ఈ వేరుతనాన్ని నూరేళ్ళకి పైగా కిందటే ఒకాయన గమనించాడు. లూయిస్ లీ ఫెర్మోర్, భారత భూగర్భ సర్వేలో పనిచేసిన ఇంగ్లీషువాడు. దేశమంతా తిరిగి మాంగనీస్ నిక్షేపాల మీద వెయ్యి పేజీలు దాటిన గ్రంథం రాశాడు, 1909లో వచ్చింది. ఇక్కడి కోడూరు గని పేరుతో ఒక శిలకి కోడూరైట్ అని పేరు పెట్టాడు. గరివిడిలోనూ, నాగపూర్ దగ్గరా దొరికిన, అయస్కాంతానికి అంటుకునే ఈ నల్లరాయికి తన తోటి ఉద్యోగి వ్రెడెన్‌బర్గ్ పేరు పెట్టాడు. అది విడి ఖనిజం కాదనీ, రెండు ఖనిజాలు ఒకదానిలో ఒకటి అల్లుకుపోయిన కలయిక అనీ తరవాతివాళ్ళు తేల్చారు. అయినా ఫెర్మోర్ శ్రద్ధ పట్ల నాకు గౌరవమే. రాయిని రాయిగా చూశాడు, పగలగొట్టి చూశాడు, ఊరి పేరు తప్పకుండా రాశాడు. పరదేశి చూపంటే ఎప్పుడూ చిన్నచూపే అనుకోవడం న్యాయం కాదు. నా బాధ వేరే ఉంది. గని పేరు శిలకి దక్కింది, ఉద్యోగి పేరు ఖనిజానికి దక్కింది. ఎండలో గంపలెత్తిన ఆడవాళ్ళలో ఒక్కరి పేరైనా ఏ పటంలోనూ మిగల్లేదు.

ఆ గ్రంథం వచ్చిన మరుసటి ఏడు, 1910లో, దగ్గర్లోని విజయనగరంలో గురజాడ అప్పారావు దేశభక్తి గేయం రాశారు. మనం దాన్ని ఆగస్టు 15న చేతులు కట్టుకుని పాడేసి వచ్చేస్తాం. అందులో ఆయన గొప్పలు చెప్పుకోవద్దన్నారు, సరుకు తయారుచేసి దేశదేశాలకి అమ్మమన్నారు. ఆయన బతికిన ఊరి దాపునే రాయి రాయిగానే సముద్రం దాటిపోతున్న కాలమది. ఆ మాట గాల్లోంచి పుట్టలేదని ఈ బడ్డీ దగ్గర కూచుంటే నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఐదూ ఇరవై. టీవీలో ఇస్రో ప్రసారం మొదలైంది. బడ్డీ ఆయన పొయ్యి మంట తగ్గించేశాడు.

"మా తాత రంగం ఎల్లినాడు" అంటాడు పెద్దాయన, టీవీ మీంచి చూపు తీయకుండానే. రంగం అంటే రంగూన్. "రేవులో బస్తాలు మోసీవోడు. ఆడ మనల్ని కొరంగీలని పిలిసీవోలంట. మడిసికి పేరు నేదు, ఊరు నేదు, అంతా కొరంగీలే."

మనవాళ్ళ పడవలు బయల్దేరిన కోరంగి రేవు పేరు, అవతలి ఒడ్డున తిట్టయింది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగి రక్తం పారింది. ఒక దేశం మరో దేశాన్ని చూడడమంటే పత్రికల్లో రాతలు మాత్రమే కాదు. ఆకలికి ఓడెక్కినవాణ్ణి రేవులో ఏమని పిలిచారో అదీ చూపే. ఈ జిల్లాల ఇళ్ళల్లో దేశం పరువు గురించిన తొలి పాఠం అక్కడి నుంచే మొదలైంది.

"అమెరికావోడు ఏదో బొమ్మేసినాడంట కదా గుంటా, నువ్వు సెప్పినావు?"

అమ్మాయి ఫోనులో వెతికి చూపిస్తుంది. 2014లో మంగళయాన్ తొలి ప్రయత్నంలోనే అంగారకుడి కక్ష్యలో చేరినప్పుడు న్యూయార్క్ టైమ్స్ వేసిన కార్టూన్. లోపల కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు పేపరు చదువుతున్నారు. అది అంతరిక్ష ఘనుల క్లబ్బు. బయట తలపాగా రైతు ఆవుతో నిలబడి తలుపు కొడుతున్నాడు. పాఠకులు మండిపడ్డాక ఆ పత్రిక క్షమాపణ చెప్పింది.

పెద్దాయన ఫోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చాలాసేపు చూస్తాడు. "ఆవు బాగానే ఉంది" అంటాడు చివరికి.

"అదే తాతా! ఆవుంటే మనకెందుకు సిగ్గు? నేను పొద్దున్నించి చేసేది దాని పనే. తలుపు బయట నిలబెట్టడం తప్పు గానీ, ఆవు తప్పేంటి?"

ఈ మాట ఆమె ఎవరికీ పాఠంగా చెప్పలేదు, మామూలుగా అనేసింది. నాకు మాత్రం 1981 నాటి ఫొటో గుర్తొచ్చింది. ఇస్రో వాళ్ళ యాపిల్ ఉపగ్రహాన్ని ఎద్దుబండి మీద నిలబెట్టారు. దాన్ని చూసి పేదదేశపు పాట్లని నవ్వినవాళ్ళున్నారు. నిజానికి యాంటెన్నాని పరీక్షించడానికి చుట్టూ లోహం అడ్డులేని బండి కావాలి. ఇనప లారీ పనికిరాదు, చెక్కబండి పనికొచ్చింది. ఎద్దుబండే అక్కడ సరైన పరికరం. ఆ సంగతి మనలోనే ఎంతమందికి తెలుసు? మనల్ని చూసి వాళ్ళు నవ్వితే కోపం వస్తుంది, వాళ్ళు మెచ్చుకుంటే గుండె ఉప్పొంగుతుంది. రెంటి మధ్యా, మన బండిని మనం దగ్గరికెళ్ళి చూసుకోవడం మరచిపోతాం. బయటివాడి దాకా ఎందుకు? ఈ పెద్దాయన మాట్లాడే భాషని మన సినిమాల్లో నవ్వు పుట్టించడానికే ఎన్నేళ్ళు వాడలేదు? ఉత్తరాంధ్ర అనగానే వెనకబాటు, వలస తప్ప మరో మాట రాయని మన పత్రికల చూపుకి ఎవరు క్షమాపణ చెప్పారు? ఆ బొమ్మ నాకు నచ్చలేదు. కానీ అలాంటి తలుపులు మన ఇంట్లోనూ ఉన్నాయి.

ఐదూ నలభై ఐదు. ముప్ఫై కిలోమీటర్ల ఎత్తు నుంచి దిగడం మొదలైంది. సెకనుకి కిలోమీటరున్నర పైన వేగం. తెర మీద గీసిన వంపు వెంట చిన్న చుక్క జారుతోంది. స్కూలు యూనిఫాం పిల్లలు ముందుకి తోసుకొచ్చి నేల మీద చతికిలబడ్డారు. బంతిపూల బుట్ట ఆమె కూడా ఇక్కడే ఉంది, బుట్ట ఇంకా నెత్తిమీదే ఉంది. కిందటి చంద్రయాన్‌ అప్పుడు, 2019 సెప్టెంబరు రాత్రి, ఇలాగే చూస్తూండగా చుక్క దారి తప్పింది. ఆ సంగతి ఎవరూ ఎత్తడం లేదు, ఎత్తకపోవడంలోనే తెలిసిపోతోంది.

"ఇప్పుడు సూడాల" అంటాడు పెద్దాయన. "టాపింగప్పుడూ ఇంతే. నోరు తెరిసినాక ఎవుడూ మాటాడకూడదు."

వేగం తగ్గుతోంది. ఎనిమిది వందల మీటర్లు. నూట యాభై దగ్గర గాల్లోనే ఆగింది, దిగే చోటు చూసుకుంటోంది. టీ గ్లాసు మీ చేతిలో చల్లారిపోయింది. అరచేతిలో నల్లరాయి చెమటకి తడిసింది. మళ్ళీ కదిలింది. ఆరూ నాలుగు.

బెంగళూరులో ఇస్రో గదిలో అందరూ ఒక్కసారి లేచారు. ఆ చప్పట్లు టీవీలోంచి రాకముందే ఇక్కడ కేక లేచింది.

"దిగిపోనాది! దిగిపోనాది బావూ!"

పిల్లలు ఎగురుతున్నారు. బుట్ట ఆమె ఒక దోసెడు బంతిపూలు తీసి టీవీ మీదికి విసిరింది, అగరొత్తి బూడిద రాలింది. బడ్డీ ఆయన పాలగిన్నెలో పంచదార దోసిటితో పోసి, ఇవాళ టీకి డబ్బులు పుచ్చుకోనని అరుస్తున్నాడు. జోహన్నెస్‌బర్గ్ నుంచి ప్రధాని తెర మీదికొచ్చి జెండా ఊపుతున్నారు. ఇక్కడ చాలామంది అప్పటికే తెర వదిలేసి రోడ్డు మీదికొచ్చారు.

మీరూ రండి. తలెత్తి దక్షిణం వైపు చూడండి. శ్రావణ శుద్ధ సప్తమి, సగం చందమామ. పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు, అందుకని తెల్లకాగితం చింపి అంటించినట్టు ఉన్నాడు. పెద్దాయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూస్తాడు. విక్రమ్ కనబడదని ఆయనకీ తెలుసు. అయినా చూస్తాడు. అమ్మాయి ఎవరికో వీడియో ఫోను చేసి, మాట్లాడకుండా ఫోనుని ఆకాశం వైపు తిప్పి పట్టుకుంది.

"ఆడ మట్టి ఏ రంగుంటాదే గుంటా?"

"బూడిదరంగు అంటారు తాతా. రోవరు తేలుస్తుంది. మట్టిలో ఏమేం ఉన్నాయో లేజరు కొట్టి చూస్తుంది."

వారం తిరిగింది. బుధవారం పొద్దున్న, అదే స్టూలు మీద, మీరు మళ్ళీ ఇక్కడే ఉన్నారు. రాఖీ పున్నమి. నిన్న ఇస్రో ఇచ్చిన ప్రకటనని అమ్మాయి ఫోనులో చదువుతోంది. చందమామ దక్షిణ ధ్రువం దగ్గరి మట్టిలో గంధకం ఉందని ప్రజ్ఞాన్ రోవరు ఖాయంగా చెప్పింది. అల్యూమినియం, కాల్షియం, ఇనుము, క్రోమియం, టైటానియం కూడా కనిపించాయి. ఇంకా పరీక్షిస్తే మాంగనీస్, సిలికాన్, ఆక్సిజన్.

పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు.

"మల్లీ సదువు."

ఆమె మొదటినుంచీ చదివింది, నిదానంగా. గంధకం దగ్గర ఆయన ఒక వేలు ముడిచాడు. మాంగనీస్ దగ్గర రెండో వేలు.

"నాను సెప్నేదేటి?" అన్నాడు మీ వైపు తిరిగి. "గంధకం ఉన్నకాడ ఉండాల్సిందే."

బడ్డీ ఆయన నవ్వి, డబ్బాల వెనక నుంచి అయస్కాంతం తీసి స్కూలుకెళ్ళే పిల్లల కోసం ముందుకి పెట్టాడు.