జ్యేష్ఠపు పెరటికి మాఘపు ఎరువు

రోహిణీకార్తె ఎండలకు పెరటిలోని మల్లెపాదులు, వంగ, బెండ మొక్కలు వాడిపోవునప్పుడు గృహస్థునకు ఎరువు జ్ఞాపకము వచ్చును. ఆ పూట దొరికిన పచ్చిపేడను మొదళ్లలో వేసి నీరు పోయును. అది నేలలో కుళ్లునప్పుడు పుట్టు ఉష్ణము వేళ్లను బాధించును; చెదలు కూడ చేరును. ప్రాచీన కృషిగ్రంథములలో ఇట్టి తొందరపాటునకు తావు లేదు. ఎరువుపని అక్కడ శిశిరములోనే ఆరంభమగును.

పరాశరుని పేరిట నిలిచిన కృషిపరాశరము చిన్న గ్రంథము. దాని కాలనిర్ణయములో పండితులకు ఏకాభిప్రాయము లేదు గాని, ఎరువు విషయమున దాని మాట సుస్పష్టము. మాఘమాసమున శుభదినము చూచి, గోమయరాశిని శ్రద్ధతో పూజించి, పారలతో త్రవ్వి తీయవలెను. దానిని ఎండలో ఆరబెట్టి పొడి చేయవలెను. ఫాల్గునమున ప్రతి మడిలోను గుంట చేసి అందు నిక్షేపించవలెను. విత్తు సమయమున మాత్రమే బయటికి తీసి చల్లవలెను. ఎరువు లేని పైరు పెరుగును గాని ఫలించదని కూడ ఆ గ్రంథమే చెప్పుచున్నది. పొలమునకు చెప్పిన ఈ క్రమము పెరటికిని చెల్లును. మరియొక విశేషము: అచ్చట ఎరువునకు వాడిన పదము ‘సారము’. మనము నేటికిని ‘భూసారము’ అనునప్పుడు పలుకుచున్నది ఆ మాటనే. లోకము పెంట అని ముక్కు మూసుకొను వస్తువునకు శాస్త్రకారుడు ఆ పేరు పెట్టి, ముందుగా నమస్కరించి, పిమ్మట పార పట్టించినాడు.

ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయమునే కేటాయించినాడు. నాటిన చెట్లకు గ్రీష్మమున ఉదయము, సాయంకాలము రెండు పూటల, శీతకాలమున దినము విడిచి దినము, వర్షర్తువున నేల ఆరినప్పుడు మాత్రమే నీరు పోయవలెనని ఆయన నియమము. చెట్టునకు చెట్టునకు నడుమ 20 మూరల ఎడము ఉత్తమము, 16 మధ్యమము, 12 అధమము. శీతవాతముల చేతను, ఎండ చేతను చెట్లకు వ్యాధి కలుగునని చెప్పి దాని లక్షణములను వరుసగా ఇచ్చినాడు: ఆకులు పాలిపోవుట, చిగుళ్లు ఎదుగకుండుట, కొమ్మలు ఎండుట, రసము కారుట. నడివేసవిలో పెరటిలోనికి వెళ్లి చూచువానికి ఈ పట్టిక క్రొత్తగా తోచదు. చికిత్సగా చెడిన భాగమును కత్తితో కోసి, వాయువిడంగములు, నెయ్యి, బురద కలిపి పూసి, పాలు కలిపిన నీటిని పోయుమన్నాడు. తోట వేయు నేలలో మొదట నువ్వులు చల్లి, పూతకు వచ్చినప్పుడు వానిని అక్కడనే తొక్కి కలిపివేయుమన్నదియు ఆయనయే. పచ్చిరొట్ట ఎరువు అని నేడు రైతు పిలుచునది ఇదే.

ఆ అధ్యాయములోనే ఒక ద్రవపు ఎరువు ఉన్నది. మేక, గొఱ్ఱె పెంటికల పొడి రెండు ఆఢకములు, నువ్వులు ఒక ఆఢకము, సత్తుపిండి ఒక ప్రస్థము, నీరు ఒక ద్రోణము. వీనితో ఒక తుల గోమాంసము. ఏడు రాత్రులు నిలువ ఉంచి చెట్లకు పోయవలెను. కౌటిల్యుడు సీతాధ్యక్ష ప్రకరణమున చెరకు ముక్కల కోతలకు తేనె, నెయ్యి, పందికొవ్వు, పేడ కలిపి పూయుమన్నాడు. వృక్షములకు గోవుల ఎముకలను, పేడను విధించినాడు. వేయేండ్ల నాటి వైద్యుడు సురపాలుడు తన 325 శ్లోకముల వృక్షాయుర్వేదములో చెప్పిన కుణపజలము పంది మాంసము, మజ్జ, రక్తము మొదలగు వానితో తయారగునది. కుణపము అనగా శవము. ఆ పేరులోనే సంగతి ఉన్నది.

సురపాలుని వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున ఉండెను. దానిని సస్యరోగ శాస్త్రజ్ఞుడు వై. ఎల్. నేనె తెప్పించగా, సంస్కృత విదుషి నళినీ సాధలే ఆంగ్లములోనికి అనువదించినారు. 1996లో సికిందరాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ ప్రచురించినది. పిదప కుణపజలమునకు ప్రసిద్ధి వచ్చినది. ఆకులతోను, పిండితోను చేయు శాకాహార రూపములును వెలసినవి. అవి మొక్కలకు మేలు చేయవచ్చును. శుచి పాటించు గృహస్థునకు అవియే తగినవి కూడ. కాని వానిని సురపాలుని పాఠముగా చెప్పరాదు. ఈ గ్రంథములు వార్తాశాస్త్రమునకు చెందినవి, దృష్టార్థములు; ధర్మవిధులు కావు. అందున్న మాంసమును చూచి ఆచారము మార్చుకొననక్కరలేదు, ఆచారమునకై శ్లోకమును దిద్దనక్కరలేదు. శాస్త్రగౌరవమని చెప్పి పాఠమును కప్పిపుచ్చుట శాస్త్రమునకు అగౌరవమే.

ఇట్టి అతిశయోక్తియే మరియొకటి కలదు. ఆల్బర్ట్ హోవార్డ్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1924 నుండి 1931 వరకు ఇందూరులో పనిచేసి, యశ్వంత్ వాడ్‌తో కలిసి కంపోస్టు విధానమును 1931లో గ్రంథస్థము చేసినాడు. ఆయన మన శాస్త్రమును అపహరించెనని కొందరందురు. ఆయన మాత్రము చైనా రైతుల పద్ధతిని వర్ణించిన కింగ్ అను అమెరికను గ్రంథమునకు ఋణము చెప్పుకొన్నాడు. ఈ దేశపు రైతులను తన ఆచార్యులన్నాడు. ఆ మాటను గౌరవించుటయే న్యాయము.

ఆయన పద్ధతి పెరటికి సులభముగా కుదించదగినది. ఎండుటాకులు, చెత్త, పేడ, పశుమూత్రము పీల్చిన మన్ను, కట్టెబూడిద పొరలుగా పరచి తడుపవలెను. సుమారు 16వ దినమున ఒకసారి, నెలకు ఒకసారి, రెండు నెలలకు ఒకసారి తిరుగవేసి మరల తడుపవలెను. గ్రీష్మమున కుప్ప ఆరిపోయెనా కుళ్లుట ఆగిపోవును. కనుక నీడపట్టున ఉంచవలెను. మూడు నెలలకు ఎరువు సిద్ధమగును. అధికమాసము రాని యేట మాఘపూర్ణిమ నుండి వైశాఖపూర్ణిమకు 89 దినములు. ఆనాడు పేర్చిన కుప్ప జ్యేష్ఠపు ఎండలకు ముందే మల్లెపాదుకు అందును.