జిద్దు

2025 ఆగస్టు 4, సోమవారం. మధ్యాహ్నం మూడుంబావు దాటింది. నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్‌లో ఒక చాయ్ హోటల్ రేకుల కింద మీకు నిలబడేంత చోటే దొరికింది. బల్ల మీద చక్కెర డబ్బాకు ఆనించిన ఫోన్, దాని చుట్టూ పది తలకాయలు. రోడ్డుకు అవతల సెల్‌షాపులో టీవీ ఉంది. ఆ టీవీకీ ఈ ఫోన్‌కూ మధ్య పావు నిమిషం తేడా. అక్కడ అరుపు వినబడ్డాకే ఇక్కడ బంతి పడుతుంది. అందుకే ఎవరి కళ్లు ఫోన్ మీద ఉన్నా చెవులు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి.

లండన్‌లో ఇంకా పొద్దుటి పదకొండు కాలేదు. ఓవల్ మైదానంలో ఐదో టెస్టు, ఐదో రోజు. ఇంగ్లండ్ గెలవడానికి 35 పరుగులు కావాలి, మనకు నాలుగు వికెట్లు. లక్ష్యం 374. నిన్న వెలుతురు తగ్గి, వాన పడి ఆట ఆగేసరికి స్కోరు 6 వికెట్లకు 339.

"నిన్న గా క్యాచ్ పడితె ఎప్పుడో అయిపోతుండె" అన్నాడు మీ పక్కనున్న కుర్రాడు.

"పట్టిండు గదరా. కాలే తప్పింది."

రెండో మాట అన్నది గ్లాసులు కడుగుతున్న పెద్దమనిషి. తల ఎత్తకుండానే అన్నాడు.

నిజమే, పట్టాడు. నిన్న సాయంత్రం ఇక్కడే నిలబడి ఉంటే మీరూ చూసి ఉండేవారు. హ్యారీ బ్రూక్ 19 మీద ఉన్నాడు. ప్రసిద్ధ్ కృష్ణ షార్ట్ బంతి వేస్తే లేపి కొట్టాడు. బంతి లాంగ్‌లెగ్‌లో ఉన్న మహమ్మద్ సిరాజ్ చేతుల్లోకే వచ్చింది. శుభ్రంగా పట్టాడు. ఒక్క అడుగు వెనక్కి వేశాడు, ఆ మడమ బౌండరీ మెత్త మీద పడింది. అవుటు కాస్తా సిక్సు. అవతల ప్రసిద్ధ్ అప్పటికే సంబరంగా చేతులు చాపేశాడు. సిరాజ్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ తర్వాత బ్రూక్ సెంచరీ చేసి 111కి చేరాడు. చివరికి బ్యాటు చేతిలోంచి జారి ఒక దిక్కు, బంతి ఇంకో దిక్కు ఎగిరితే, ఆ బంతిని పట్టుకున్నదీ సిరాజే. కానీ అప్పటికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో ఆదివారం పొద్దున టెన్నిస్ బంతితో ఆడేవాళ్లను ఎప్పుడైనా చూశారా? క్యాచ్ వదిలినవాణ్ని ఎవరూ పెద్దగా తిట్టరు. అంతకంటే ఘోరం చేస్తారు. బంతి రాని చోటికి పంపిస్తారు. గోడ పక్కన, చెట్టు కింద, అవతలి ఆట వాళ్లకు దగ్గరగా. వాడు అక్కడ నిలబడి ఎంతసేపైనా చేతులు నలుపుకుంటూ ఉంటాడు. నేనూ అక్కడ నిలబడ్డవాణ్నే. వదిలిన క్యాచ్ కంటే ఆ తర్వాతి గంటే ఎక్కువ కాలం గుర్తుంటుంది. ఆ గంటలో ఇంకో బంతి మన వైపు రాకూడదని మొక్కుకుంటాం. ధైర్యం చచ్చిపోవడమంటే అదే.

సిరాజ్‌ను దాచడానికి అలాంటి చోటు లేదు. ఈ మ్యాచ్‌లో బుమ్రా లేడు. పొద్దున్నే బంతి అందుకోవాల్సింది ఇతనే. రోజూ ఎనిమిదింటికి లేచేవాడు ఆ రోజు ఆరింటికే లేచానని తర్వాత తానే చెప్పాడు. లేవగానే ఫోన్‌లో వెతికి, ‘బిలీవ్’ అని రాసి ఉన్న రొనాల్డో బొమ్మ ఒకటి దించుకుని, వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాడట. లేబర్ అడ్డా మీదకు బయల్దేరే ముందు మన వాళ్లు దేవుడి పటానికి ఒక దండం పెట్టుకున్నట్టే ఇదీ.

ఆట మొదలైంది. ఆగిపోయిన ఓవర్‌లో మిగిలిన నాలుగు బంతులు ప్రసిద్ధ్‌వి. మొదటిది ఫోర్. రెండోది బ్యాటు అంచు తగిలి స్టంపుల పక్కనుంచి ఫోర్. ఇక 27 చాలు. రేకుల కింద ఎవరో "పోయింది పో" అన్నారు. చాయ్ డబ్బులు ఇచ్చేసి వెళ్లబోయాడొకాయన. రోడ్డు దాటలేదు గానీ మెట్టు దిగాడు.

"డీఎస్పీ సాబ్ వస్తుండు, ఆగన్నా."

గ్రూప్-1 స్థాయిలో తెలంగాణ ప్రభుత్వం సిరాజ్‌కు డీఎస్పీ ఉద్యోగం ఇచ్చిన దగ్గర్నుంచి ఈ ఊళ్లో అతని పేరు ఇదే. అతని మొదటి రెండు బంతులు జేమీ స్మిత్ బ్యాటును రాసుకోకుండా దాటిపోయాయి. అంతలో సెల్‌షాపులోంచి ఒక్కసారి కేక. అందరూ ఫోన్‌కు ఇంకా దగ్గరగా వంగారు. మూడో బంతి. అంచు. కీపర్ జురెల్ చేతుల్లోకి. మెట్టు దిగినాయన మళ్లీ ఎక్కాడు.

చుట్టూ చూస్తే, పాలమూరు వైపు కల్వకుర్తి నుంచి వచ్చిన సెంట్రింగ్ మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. మోచేతుల దాకా సిమెంటు ఆరిపోయి తెల్లగా ఉంది. క్రికెట్ పెద్దగా తెలియదు.

"ఈ పిలగాడు మొత్తం ఎన్ని బాల్స్ ఏసిండు?" అని అడిగాడు.

"ఐదు మ్యాచ్‌లు కలిపితె వెయ్యి దాటినయ్ కాకా."

"అన్ని తట్టలు మోస్తె నడుం పట్టదా మరి?"

ఎవరూ నవ్వలేదు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలిసిన పేరు. ఆనకట్టలు, కాలువలు, రోడ్లు, ఎక్కడ చూసినా వాళ్ల చెమటే. అలసిన ఒళ్లు పనినెలా లాక్కుపోతుందో ఆయనకు తెలిసినంతగా ఇక్కడ ఇంకెవరికీ తెలియదు. ఈ సిరీస్‌లో ఐదు టెస్టులూ ఆడిన భారత పేసర్ సిరాజ్ ఒక్కడే.

పేపర్లలో దీన్ని మానసిక దృఢత్వం అని రాస్తారు. మా వైపు మాట జిద్దు. అది పూర్తిగా మెచ్చుకోలు కాదు. అన్నం తినని పిల్లాణ్ని తల్లి "ఏం జిద్దురా నీది" అంటుంది. అప్పు తీరేదాకా కొత్త చెప్పులు కొననివాణ్నీ అదే అంటారు. అందులో కొంత మొండితనం, కొంత అలక, కొంత బాధ ఉంటాయి. సిరాజ్ విషయంలో నాకు ఈ మాటే సరిపోతుందనిపిస్తుంది. ఎందుకంటే అతను బాధ లేనివాడు కాదు. కెమెరాల ముందే ఏడుస్తాడు, దాచుకోడు. 2020 నవంబర్ 20న ఆటో నడిపి పెంచిన తండ్రి మహమ్మద్ గౌస్ హైదరాబాద్‌లో చనిపోతే, కొడుకు ఆస్ట్రేలియాలో ఉన్నాడు. ఇంటికి వెళ్లొచ్చన్నారు, వెళ్లలేదు. డిసెంబర్ 26న మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు ఆడాడు. జనవరిలో సిడ్నీలో జాతీయగీతం వినబడగానే కళ్లు తుడుచుకున్నాడు. అదే మ్యాచ్‌లో ప్రేక్షకుల్లోంచి జాతి పేరుతో తిట్లు వస్తే, ఊరుకోకుండా కెప్టెన్ దగ్గరికి వెళ్లి చెప్పాడు. ఆట ఆగింది, ఆరుగురిని స్టాండ్‌లోంచి బయటికి పంపారు. ఆ తర్వాత బ్రిస్బేన్‌లో 73 పరుగులకు ఐదు వికెట్లు. తిరిగొచ్చి శంషాబాద్‌లో దిగి, నేరుగా తండ్రి సమాధి దగ్గరికి వెళ్లాడు.

మళ్లీ కేక. ఓవర్టన్, ఎల్బీడబ్ల్యూ. రివ్యూ అడిగారు. తెర మీద బంతి గీత మెల్లగా సాగి, లెగ్‌స్టంప్‌కు తగిలీ తగలనట్టు తగిలింది. అంపైర్ మాటే నిలిచింది. 354కి ఎనిమిది. ఓవర్లు 80 దాటాయి, కెప్టెన్ గిల్ కొత్త బంతి తీసుకోలేదు. పాతదే మాట వింటోంది.

టంగ్‌ను ప్రసిద్ధ్ బౌల్డ్ చేశాడు. 357కి తొమ్మిది. అయిపోయిందనుకుంటున్నారా? ఫోన్‌లో పెవిలియన్ మెట్లు చూడండి. క్రిస్ వోక్స్ దిగి వస్తున్నాడు. తొలి రోజు బౌండరీ దగ్గర పడి భుజం జారినవాడు. ఎడమ చెయ్యి స్వెటర్ లోపల కట్టు కట్టి ఉంది. బ్యాటు కుడి చేతిలో. ఓవల్ మొత్తం లేచి నిలబడింది. మీ పక్కన ఇంతసేపూ ఇంగ్లండ్‌ను తిట్టిన కుర్రాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వోక్స్ ఒక్క బంతీ ఆడలేదు, పరుగెత్తాడు. ప్రతి పరుగుకూ పళ్లు బిగబట్టాడు. ఆ మనిషికీ మొక్కాల్సిందే.

సిరాజ్ వేశాడు, అట్కిన్సన్ గాలిలోకి లేపాడు. బౌండరీ దగ్గర ఆకాశ్ దీప్ ఎగిరాడు, బంతి చేతులకు తగిలి అవతల పడింది. సిక్స్. నిన్నటి పీడకల మళ్లీ ఇంకొకరి చేతుల్లో. ఇక 11. ఓవర్ చివరి బంతికి ఒక బై. 10. ప్రసిద్ధ్ ఓవర్‌లో ఒక రెండు, చివర్లో ఒకటి. ఇక ఏడు. ఒక్క సిక్స్, ఒక్క సింగిల్.

ఇప్పుడు చాయ్ ఎవరూ అడగడం లేదు. గిన్నెలో పాలు మీగడ కట్టాయి.

నాకు లార్డ్స్ గుర్తొస్తోంది. సరిగ్గా మూడు వారాలైంది, జులై 14. అక్కడ చివరి బ్యాటరు సిరాజే. 30 బంతులు కాచుకున్నాడు, అవతల జడేజా 61తో ఉన్నాడు. బషీర్ బంతిని చక్కగా మధ్య బ్యాటుతో అడ్డుకున్నాడు కూడా. కింద పడిన బంతి నిదానంగా వెనక్కి దొర్లి వికెట్‌ను తాకింది. ఒక బెయిల్ పడింది. 22 పరుగుల తేడాతో ఓటమి. అతను అక్కడే కూలబడిపోయాడు. తప్పేమీ చెయ్యకపోయినా ఓడిపోవడం తప్పు చేసి ఓడడం కంటే కష్టం. ఎవర్ని తిట్టుకోవాలి?

86వ ఓవర్. సిరాజ్ చేతికి బంతి ఇచ్చారు. గోడ పక్కకు పంపలేదు, చెట్టు కిందికి పంపలేదు. నిన్న బౌండరీ తొక్కినవాడికే మళ్లీ ఇచ్చారు. ఈ పూట అతను వేసేవాటిలో ఇది 25వ బంతి. సిరీస్ మొత్తం మీద 1113వది.

ఫోన్‌లో ఇంకా నడుస్తూనే ఉన్నాడు. వెనక్కి, తన గుర్తు దాకా. కాలర్ సర్దుకున్నాడు.

రోడ్డుకు అవతల సెల్‌షాపు పగిలిపోయినంత పని అయింది. ఎవడో షాపులోంచి రోడ్డు మీదకు పరుగెత్తుకొచ్చాడు. ఆటో ఒకటి సడన్‌గా ఆగింది. హారన్లు. రేకుల కింద మాత్రం ఒక్కరూ కదల్లేదు, ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ఏం జరిగిందో అందరికీ తెలిసిపోయింది. మేస్త్రీ ఒక్కడే అడిగాడు, "ఏమైంది?"

"ఆగు కాకా, చూడు."

పది అంగుళాలు కూడా లేని ఆ అద్దంలో సిరాజ్‌కు ఇంకా ఏమీ తెలియదు. వెనక్కి తిరిగాడు. పరుగు మొదలుపెట్టాడు.